ముందు మెల్లగా కొట్టి చూడండి



ఇవాళ తెలుగునాట ఒక పాట పుట్టడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక అద్దె గది చాలు. కరీంనగర్‌లో మేడమీద గది చాలు, భీమవరంలో ప్రార్థనా మందిరం వెనక ఓ చిన్న గదైనా చాలు. ఒక కంప్యూటరు, ఒక మైకు, ఒక కీబోర్డు ఉంటే జానపద గీతమో, క్రైస్తవ గీతమో, అయ్యప్ప పాటో, షార్ట్ ఫిల్ముకు నేపథ్య సంగీతమో తయారైపోతోంది. గొంతు ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు. గిటారు, వేణువు, హార్మోనియం కూడా అంతే. ఇంట్లో కుదరనిది డ్రమ్స్ ఒక్కటే. వాటి శబ్దం నూరు డెసిబెల్స్ దాటుతుంది, అపార్ట్‌మెంటులో పక్కవాళ్లు ఊరుకోరు. ఒకవేళ ఊరుకున్నా, డ్రమ్ సెట్టును సరిగ్గా రికార్డు చేయాలంటే ఎనిమిదో పదో మైకులు కావాలి, అన్ని మైకులనూ ఒకేసారి తీసుకునే పరికరం కావాలి. అన్నిటికన్నా ముందు, బాగా పలికే గది ఒకటి ఉండాలి. పది అడుగుల పడగ్గదిలో డ్రమ్స్ ఎంత బాగా వాయించినా శబ్దం ముద్దగా, ఇరుకుగానే వస్తుంది.

అందుకే ఇళ్లలో పాటలు చేసుకునేవాళ్లంతా వర్చువల్ డ్రమ్స్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడుతున్నారు. దాన్ని ఎలా ఎంచుకోవాలన్నదే ఇవాళ్టి నా ప్రసంగం. ఈ ఎంపికలో చాలామంది చూడాల్సినదాన్ని వదిలేసి మరేదో చూస్తున్నారని నా అభిప్రాయం. ఎన్ని కిట్లు ఉన్నాయి, ఎన్ని జీబీలు ఉంది, ఏ పెద్ద ఇంజనీరు పేరు మీద ఉంది అని చూస్తారు. డెమోలో క్రాష్ సింబల్ పగిలిపోయేంత గట్టిగా మోగితే అబ్బో అనుకుంటారు. గట్టి దెబ్బ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా బాగానే ఉంటుంది. దాని అసలు సత్తా తెలిసేది మెత్తటి దెబ్బలోనే.

ఎందుకో చెప్పే ముందు, ఈ సాఫ్ట్‌వేర్ లోపల ఏముంటుందో కాస్త చూద్దాం.

1980లో అమెరికాలో రోజర్ లిన్ అనే ఆయన ఎల్‌ఎమ్-1 అనే యంత్రాన్ని తెచ్చారు. అసలైన డ్రమ్స్ శబ్దాన్ని డిజిటల్‌గా నమోదు చేసి వినిపించిన మొదటి డ్రమ్ మెషీన్ అది. అంతకు ముందు యంత్రాలు చాలావరకు విద్యుత్ సర్క్యూట్లతో డ్రమ్స్ లాంటి శబ్దాన్ని పుట్టించేవి, అదే సంవత్సరం వచ్చిన రోలాండ్ టీఆర్-808 కూడా ఆ కోవలోదే. ఎల్‌ఎమ్-1 ధర అప్పట్లో దాదాపు 5 వేల డాలర్లు. అంత ఖరీదైన యంత్రంలో కూడా క్రాష్ సింబల్ గానీ, రైడ్ సింబల్ గానీ లేవు. సింబల్ మీద ఒక్క దెబ్బ కొడితే అది కొన్ని సెకన్లపాటు మోగుతూనే ఉంటుంది. అంత పొడుగు శబ్దాన్ని దాచుకునే మెమరీ చిప్పులకు ఆ రోజుల్లో విపరీతమైన ఖర్చు.

1983లో మిడి ప్రమాణం వచ్చింది. ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ యంత్రాన్ని పలికించడం దానితో వీలైంది. 1996లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ, ఎఫెక్టులను కంప్యూటరులోనే సాఫ్ట్‌వేర్‌గా వాడుకునే వీఎస్‌టీ పద్ధతిని తెచ్చింది, 1999 కల్లా వాద్యాలు కూడా ఆ పద్ధతిలో కంప్యూటరులోకి వచ్చేశాయి. ఆ తరవాతి దశాబ్దంలో హార్డ్ డిస్కులు పెరిగాయి, ధరలు తగ్గాయి. స్నేర్ అనే చిన్న డ్రమ్ముకు ఒక్క శబ్దం చాలుననుకున్న రోజులు పోయి, ఒక్క స్నేర్‌కే వందల దెబ్బలు రికార్డు చేసి పెట్టే రోజులు వచ్చాయి. మనం ఇవాళ కొనుక్కునేది అదే. ఎక్కడో ఒక మంచి స్టూడియోలో, ఒక మంచి డ్రమ్మర్ ఓపిగ్గా, ఒక్కో డ్రమ్మునూ మెల్లగా, ఇంకాస్త గట్టిగా, ఇంకా గట్టిగా కొట్టిన వేల దెబ్బల భాండారం.

ఇప్పుడు మెత్తటి దెబ్బ సంగతికి వస్తాను.

కీబోర్డు మీట ఎంత జోరుగా నొక్కామో మిడి 1 నుంచి 127 దాకా ఒక అంకెలో చెబుతుంది. దాన్ని వెలాసిటీ అంటారు. మంచి సాఫ్ట్‌వేర్ ఆ అంకెను బట్టి, డ్రమ్మర్ నిజంగా అంతే బలంతో కొట్టిన దెబ్బను వెతికి తీసి వినిపిస్తుంది. నాసిరకంది గట్టి దెబ్బ ఒక్కటే దగ్గర పెట్టుకుని, అంకె తగ్గినకొద్దీ దాని వాల్యూము తగ్గిస్తుంది. ఈ రెండిటికీ ఎంతో తేడా ఉంది. స్నేర్‌ను గట్టిగా కొడితే చర్మం సాగి, దెబ్బ పదునుగా, కాస్త పై శ్రుతిలో లేచి కిందికి దిగుతుంది. మెల్లగా తాకితే చర్మం శబ్దం కన్నా అడుగున ఉన్న తీగల సుయ్యిమనే ధ్వని ముందుకు వస్తుంది. గట్టి దెబ్బ వాల్యూము ఎంత తగ్గించినా మెత్తటి దెబ్బ అవదు. దూరంగా ఎవరో గట్టిగా కొడుతున్నట్టు వినిపిస్తుందంతే.

డ్రమ్మర్ చేతిలో ఉండే అందమంతా ఈ మెత్తటి దెబ్బల్లోనే ఉంటుంది. ఘోస్ట్ నోట్స్ అంటారు వాటిని. స్నేర్ మీద రెండు గట్టి దెబ్బల మధ్య, చెవికి పట్టీపట్టనట్టు పడే చిన్న చిన్న తాకిళ్లు. వాటిని తీసేస్తే పాట నడక కుంటుపడుతుంది. వింటున్నవాళ్లకు ఏం పోయిందో తెలియదు గానీ, ఏదో పోయిందని మాత్రం తెలుస్తుంది.

ఒక్క బార్ తీసుకుని చూపిస్తాను. నాలుగు బీట్ల నడక, వేగం నిమిషానికి 90. హై-హ్యాట్, అంటే కాలితో తెరిచి మూసే జంట సింబల్స్ మీద ఎనిమిది దెబ్బలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎనిమిదింటికీ వెలాసిటీ 100 పెట్టేస్తారు. టిక్ టిక్ టిక్ టిక్ అని గడియారంలా నడుస్తుంది. దాన్నే ఇలా మార్చండి: 95, 60, 88, 55, 96, 62, 85, 58. బీటు మీద పడే దెబ్బ బరువుగా, మధ్యలోది తేలిగ్గా. ఇప్పుడది టీక్-తి టీక్-తి అని ఊగుతుంది. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము కిక్ మొదటి బీటుకు 105, మూడో బీటుకు 100. స్నేర్ రెండో బీటుకు 112, నాలుగో బీటుకు 108. ఇక అసలైనది. మూడో బీటు పడటానికి కాస్త ముందు స్నేర్ మీద 30 బలంతో ఒక్క తాకిడి పెట్టండి. నాలుగో బీటు అయ్యాక ఇంకొకటి, 25తో. వేరే ఏమీ మార్చకుండా వినండి. పాట అడుగులు వేయడం మొదలుపెడుతుంది. ఆ 30, ఆ 25 దగ్గర మీ సాఫ్ట్‌వేర్ ఎలా పలికిందో అదే దానికి పరీక్ష. అక్కడ దుమ్ము దులిపినట్టు సన్నగా, సజీవంగా పలికితే అది మంచి సరుకు. ఏదో గుడ్డ కప్పి కొట్టినట్టు మూగగా ఉంటే, దానికి ఎన్ని కిట్లున్నా మీకు పనికిరాదు.

ఇంకో పరీక్ష ఉంది. ఒకే స్నేర్‌ను ఒకే బలంతో, వేగంగా పదహారుసార్లు కొట్టించండి. ప్రతి దెబ్బా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే మరతుపాకి పేలినట్టు వినిపిస్తుంది. ఈ రంగంలో వాళ్లు దాన్ని మెషీన్ గన్ ఎఫెక్ట్ అనే అంటారు. మనిషి ఎంత ప్రయత్నించినా రెండు దెబ్బలు ఒకేలా కొట్టలేడు. అందుకని మంచి సాఫ్ట్‌వేర్‌లు ఒకే బలానికి నాలుగైదు వేరువేరు రికార్డింగులు పెట్టుకుని, వంతులవారీగా వినిపిస్తాయి. దీన్ని రౌండ్ రాబిన్ అంటారు.

మూడోది హై-హ్యాట్. మూసినప్పుడు, కొద్దిగా తెరిచినప్పుడు, సగం తెరిచినప్పుడు, పూర్తిగా వదిలినప్పుడు, కాలితో మూసినప్పుడు దాని గొంతు మారుతూ ఉండాలి. చాలా ఉచిత కిట్లు మూసినదీ తెరిచినదీ రెండే ఇచ్చి సరిపెడతాయి. మెలోడీ పాటలు చేసేవాళ్లు ఇంకో రెండు కూడా చూసుకోవాలి. సైడ్ స్టిక్, అంటే పుల్లను స్నేర్ అంచుకు ఆనించి టక్ మనిపించే దెబ్బ, బాగుందో లేదో చూడాలి. బ్రష్‌లతో వాయించిన కిట్ ఉందో లేదో చూడాలి. మన పాటల్లో పల్లవి చాలాసార్లు సైడ్ స్టిక్ మీదే నడుస్తుంది. రాక్ సంగీతం కోసం తయారైన కిట్లలో దీన్ని పెద్దగా పట్టించుకోరు.

గది గురించి ఒక మాట. 1971లో వచ్చిన లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్‌లో, వెన్ ది లెవీ బ్రేక్స్ అనే పాటకు జాన్ బోనమ్ వాయించిన డ్రమ్స్ గురించి ఇప్పటికీ ఇంజనీర్లు మాట్లాడుకుంటారు. ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల కింది హాలులో డ్రమ్ సెట్టు పెట్టారు. ఇంజనీరు ఆండీ జాన్స్ రెండంటే రెండు మైకులు, పైన మెట్ల దగ్గర నుంచి వేలాడదీశారు. ఒక్కో డ్రమ్ముకు దగ్గరగా ఒక్కో మైకు పెట్టే అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం. ఆ పాటలో మనం వినేది డ్రమ్స్ ఎంతో, ఆ మెట్ల హాలు కూడా అంతే.

మంచి వర్చువల్ డ్రమ్స్‌లో కూడా మూడు రకాల మైకులు విడివిడిగా ఉంటాయి. డ్రమ్ముకు దగ్గరగా పెట్టినవి, నెత్తి మీద పెట్టినవి, గదిలో దూరంగా పెట్టినవి. కొనే ముందు దగ్గర మైకులన్నీ మూసేసి, నెత్తిమీది మైకులు మాత్రమే ఉంచి వినండి. కిట్ మొత్తం ఒక మనిషి ముందు కూర్చుని వాయిస్తున్నట్టు పొందికగా వినిపించాలి. అలా వినిపిస్తే అది బాగా రికార్డు చేసిన కిట్. అయితే గది మైకులను ఎంతవరకు వాడాలో మన పాటే చెబుతుంది. తబలా, డోలక్ నడుస్తున్న పాటలో పెద్ద హాలు శబ్దం ఉన్న డ్రమ్స్ పెడితే, ఆ చేతివాద్యాల మాట వినిపించదు. అలాంటి పాటలకు గది మైకులు దాదాపు తీసేయమనే నా సలహా.

ఇక పేర్లు చెప్పుకుందాం. ఎవరికి ఏది అన్నది వాళ్ల పనిని బట్టి ఉంటుంది.

డబ్బు పెట్టే స్థితి లేకపోతే దిగులుపడాల్సిందేమీ లేదు. ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2 ఉచితం, స్టీవెన్ స్లేట్ డ్రమ్స్‌కు కూడా ఉచిత రూపం ఒకటి ఉంది. ఆపిల్ కంప్యూటరు ఉంటే గరాజ్‌బ్యాండ్‌లోనే డ్రమ్మర్ అనే సదుపాయం ఉంది. లినక్స్ వాడేవాళ్లకు హైడ్రోజన్, డ్రమ్‌గిజ్మో ఉన్నాయి. ఇవి ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా వదిలిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లు. ముఖ్యంగా డ్రమ్‌గిజ్మో కిట్లలో మైకులన్నీ విడివిడిగా ఉంటాయి కాబట్టి మిక్సింగ్ నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది. ఈ ఉచిత సరుకుతోనే కొన్ని నెలలు పనిచేసి, దానిలో మీకు ఏది తక్కువైందో తెలిశాకే కొనడం గురించి ఆలోచించండి. క్రాక్ చేసిన కాపీలు పెన్ డ్రైవులో చేతులు మారడం మన దగ్గర మామూలైపోయింది. వాటితో వైరస్‌లు వస్తాయన్నది ఒక ప్రమాదం. అంతకన్నా ముఖ్యం, మన పాటను ఎవరో దొంగిలిస్తే బాధపడే మనం, ఒక డ్రమ్మర్ రోజుల తరబడి కొట్టిన దెబ్బలను దొంగిలించకూడదు.

పాట రాసి, గిటారుతోనో కీబోర్డుతోనో పాడుకునేవాళ్లకు ఈజీడ్రమ్మర్ సరిపోతుంది. స్వీడన్ కంపెనీ టూన్‌ట్రాక్ తయారుచేసింది, మూడో రూపం 2022లో వచ్చింది. ముందే మిక్స్ చేసిన కిట్లు, డ్రమ్మర్లు వాయించిన నడకలు ఉంటాయి. మీ గిటారు రికార్డింగును దాని ముందు పెడితే దానికి సరిపడే నడకలను అదే వెతికి ఇస్తుంది. పాతబడ్డ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఎక్స్‌ఎల్‌ఎన్ ఆడియో వాళ్ల అడిక్టివ్ డ్రమ్స్ 2 చూడండి. అది మెషీను మీద తక్కువ భారం వేస్తుంది, కిట్లను విడివిడిగా కొనుక్కోవచ్చు.

మిక్సింగ్‌ను వృత్తిగా తీసుకున్నవాళ్లకు టూన్‌ట్రాక్ వాళ్లదే సుపీరియర్ డ్రమ్మర్ 3 ఉంది. 2017లో వచ్చింది. బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోస్‌లో, జార్జ్ మాసెన్‌బర్గ్ చేతిమీదుగా రికార్డయింది. ఇవాళ ప్రతి మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండే పారామెట్రిక్ ఈక్వలైజర్‌కు రూపమిచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. సుపీరియర్ డ్రమ్మర్‌లోని శబ్దభాండారం 230 జీబీలకు పైమాటే, అయితే కొంత భాగమే దించుకునే వీలుంది. అది గొప్ప సాఫ్ట్‌వేర్ అనడంలో సందేహం లేదు. మొదటిసారి కొనేవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దంటాను. అందులో ప్రతి మైకు, ప్రతి చర్మం, ప్రతి పుల్ల మార్చుకోవచ్చు. ఆ మార్పుల్లోనే సాయంత్రమంతా గడిచిపోతుంది, పాట మాత్రం పల్లవి దగ్గరే ఆగిపోతుంది.

కంప్యూటరు గురించి క్లుప్తంగా చెప్తాను. ఈ శబ్దాలన్నీ ఎస్‌ఎస్‌డీలో పెట్టుకోండి, పాత హార్డ్ డిస్కులో పెడితే దెబ్బలు మధ్యలో తెగిపోవచ్చు. ర్యామ్ 8 జీబీ అయినా ఉండాలి, 16 ఉంటే నిశ్చింత. విండోస్ వాడేవాళ్లు, మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె అయిన ఆడియో ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ఏసియో డ్రైవరునే వాడాలి. మీట నొక్కడానికీ శబ్దం వినిపించడానికీ మధ్య జాప్యం ఉంటుంది, దాన్ని లేటెన్సీ అంటారు. 48 వేల శాంపిల్ రేటులో బఫర్ 128 పెడితే ఆ బఫర్ వల్ల వచ్చే జాప్యం మూడు మిల్లీసెకన్ల లోపే. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, అది మీటరు దూరంలో కూర్చున్న డ్రమ్మర్‌ను వింటున్నట్టే. వాయించేటప్పుడు బఫర్ తగ్గించుకోండి, మిక్స్ చేసేటప్పుడు 512కో 1024కో పెంచుకోండి.

మన దగ్గర చాలామందికి ఉన్న ఒక సదుపాయం గురించి ఎవరూ చెప్పరు. అది పుల్లలతో వాయించే ఎనిమిది ప్యాడ్ల ఎలక్ట్రానిక్ వాద్యం, ఆక్టోప్యాడ్. పెళ్లిళ్లలో, జాతరల్లో, మందిరాల్లో, ఆర్కెస్ట్రాల్లో రోలాండ్ ప్యాడ్లు వాయించేవాళ్లు ఊరూరా ఉన్నారు. డోలక్, డప్పు, తబలా శబ్దాలు ఆ ఎనిమిది ప్యాడ్ల మీదే పలికించే అలవాటు వాళ్లది. ఆ ప్యాడ్ వెనక మిడి అవుట్ అని ఒక రంధ్రం ఉంటుంది. దాని నుంచి వైరు, మిడి ఇన్ ఉన్న మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలిపితే, ప్యాడ్ మీద పడిన ప్రతి దెబ్బా మీ కంప్యూటరులోని డ్రమ్ కిట్‌ను పలికిస్తుంది. మౌసుతో ఒక్కో దెబ్బా దిద్దుకునే బదులు, మీ ఊరి ప్యాడ్ వాద్యకారుణ్ని పిలిచి పాట మొత్తం వాయించమనండి. గంటలో మీకు దొరికేది, మీరు వారం రోజులు అంకెలు దిద్దినా రాదు.

ఒకటి సరిచూసుకోవాలి. జనరల్ మిడి అనే 1991 నాటి ఒప్పందం ప్రకారం కిక్ నంబరు 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, తెరిచింది 46, క్రాష్ 49, రైడ్ 51. ప్యాడ్ పంపే నంబరు, సాఫ్ట్‌వేర్ ఎదురుచూసే నంబరు ఒకటి కాకపోతే, స్నేర్ కొట్టిన చోట కౌబెల్ మోగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మ్యాపింగ్ అనే చోట ఒకసారి సరిచేసి, ఆ అమరికను దాచుకోండి.

ప్రోగ్రామింగ్ చేసేటప్పుడు మరిచిపోకూడనిది, డ్రమ్మర్‌కు ఉన్నవి రెండు చేతులు, రెండు కాళ్లు. ఫిల్‌లో, అంటే పాట ఒక భాగం నుంచి మరో భాగానికి మారేటప్పుడు వేసే చిన్న విన్యాసంలో, రెండు చేతులూ టామ్ డ్రమ్ముల మీద పరుగెడుతున్నప్పుడు హై-హ్యాట్ యథాప్రకారం పుల్లతో మోగుతుంటే, అక్కడ మూడో చెయ్యి ఉన్నట్టే. వినేవాళ్లు లెక్కపెట్టరు గానీ నమ్మరు. ఫిల్ వచ్చినప్పుడు హై-హ్యాట్ తీసేయండి, కాలితో మూసిన చప్పుడు మాత్రం ఉంచండి. హ్యూమనైజ్ అనే బటన్ నొక్కి అన్ని దెబ్బలనూ అటూ ఇటూ చెదరగొడితే మనిషి వాయించినట్టు కాదు. మంచి డ్రమ్మర్ తప్పులు ఎక్కడపడితే అక్కడ జరగవు. అతను స్నేర్‌ను ప్రతిసారీ ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా వేస్తాడు, చరణం చివర కాస్త ముందుకు తోస్తాడు. అందులో ఒక ఉద్దేశం ఉంటుంది.

ఇప్పుడు మన దరువుల సంగతి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం.

ఈ సాఫ్ట్‌వేర్‌లన్నీ పాశ్చాత్య సంగీతానికి తయారైనవి. వాటిలోని నడకలు రాక్, పాప్, జాజ్, మెటల్, బ్లూస్. సిక్స్ ఎయిట్, అంటే ఆరు లెక్కల నడకలు ఉన్నా ఎక్కువగా నింపాదైన పాటలకు పనికొచ్చేవే. మన తీన్‌మార్ సిక్స్ ఎయిట్ అలా ఉండదు. దాని తోపు వేరు, దాని బరువు పడే చోటు వేరు. ఒక నడక ఫైలు తెచ్చి వేగం పెంచితే తీన్‌మార్ అవదు. మన చేతివాద్యాలకూ సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. స్వర్ సిస్టమ్స్ వాళ్ల స్వర్‌ప్లగ్‌లో తబలా, మృదంగం, డోలక్, ఘటం దొరుకుతాయి. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లకూ భారతీయ వాద్యాల సంపుటి ఒకటి ఉంది. పాటకు ఆకారం దిద్దుకోవడానికి, నమూనా వినిపించడానికి ఇవి బాగానే సాయపడతాయి. కానీ తబలా మీద అరచేతి మడమ నొక్కుతూ జారే ఆ గమకం, మృదంగం ఎడమవైపు పలికే ఆ గుమ్మనే నాదం, విడివిడి రికార్డింగులు పేర్చి తెప్పించడం చాలా కష్టం. స్నేర్ డ్రమ్ము మీద పుల్ల పడి లేస్తుంది. మన వాద్యాల మీద చెయ్యి పడి, అక్కడే ఉండి, శబ్దాన్ని మలుస్తుంది.

డప్పు తీసుకోండి. చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాద్యం. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే చిర్ర, ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల. రెండు పుల్లల గొంతులు వేరు. చిర్ర లోతుగా పలుకుతుంది, సిటికెన పుల్ల పైన చిటచిటలాడుతుంది. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. వేడికి తోలు బిగిసి గొంతు పైకి లేస్తుంది. చల్లారినకొద్దీ గొంతు దిగుతుంది, మళ్లీ కాయాలి. వానాకాలంలో ఇంకా తొందరగా దిగుతుంది. మార్కెట్లో దొరికే డప్పు లూపులు, అంటే తిప్పి తిప్పి వాడుకునే రికార్డింగు ముక్కలు, చాలావరకు ఎవరో ఎప్పుడో ఒక గొంతులో రికార్డు చేసినవే. అవే వందల పాటల్లో తిరుగుతున్నాయి. రెండు జానపద గీతాలు పక్కపక్కన పెట్టి వింటే అదే లూపు, అదే చోట అదే ముక్తాయింపు. ఊళ్లు వేరు, గాయకులు వేరు, దరువు ఒకటే. అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే ప్రతి ప్రాంతానికీ తన దరువు ఉంది. పెళ్లి ఊరేగింపు దరువు వేరు, బోనాల దరువు వేరు, చావు డప్పు వేరు. విన్నవాళ్లకు దూరం నుంచే ఏ సందర్భమో తెలిసిపోయేది. లూపులు ఆ తేడాను చెరిపేస్తున్నాయి.

అందుకని నా సలహా ఇది. కిక్, స్నేర్, సింబల్స్ సాఫ్ట్‌వేర్‌లో చేసుకోండి, దాని మీద డప్పో డోలకో మనిషి చేత వాయింపించండి. ఇంట్లో డప్పు రికార్డు చేయడం డ్రమ్ సెట్టంత కష్టం కాదు. ఒక్క మైకు చాలు. మైకును డప్పుకు ఒక మీటరు దూరంలో, తోలుకు ఎదురుగా కాకుండా కొద్దిగా పక్కకు తిప్పి పెట్టండి. గది గోడలకు బొంతలు, దుప్పట్లు కట్టండి. గది మరీ చిన్నదైతే డాబా మీదికో, పెరట్లోకో వెళ్లండి. బయట గోడల ప్రతిధ్వని ఉండదు, వాహనాల చప్పుడు తక్కువగా ఉండే వేళ చూసుకుంటే చాలు. 24 బిట్‌లో పెట్టి, అతి గట్టి దెబ్బకు కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా స్థాయి తగ్గించుకోండి, ఎందుకంటే డప్పు దెబ్బ మనం అనుకున్నదానికన్నా పదునుగా లేస్తుంది. వాద్యకారుడికి మీ పాట చెవుల్లో వినిపించండి, లెక్క కొట్టే క్లిక్ చప్పుడు మాత్రం వినిపించకండి. క్లిక్‌కు అలవాటు లేని చెయ్యి దానితో బిగుసుకుపోతుంది. దాని బదులు మీరు తయారుచేసిన కిక్, హై-హ్యాట్ నడకనే వినిపిస్తే అతను దాన్ని పట్టుకుని హాయిగా వాయిస్తాడు. కాచిన డప్పు చల్లారేలోపు రెండు మూడు టేకులు తీసుకోండి. వాయించినదాన్ని తరవాత గ్రిడ్‌కు లాగి సరిచేయకండి. ఎక్కడైనా పొసగకపోతే మీ ప్రోగ్రామింగ్‌లోని హై-హ్యాట్‌ను అతని నడకకు దగ్గరగా జరపండి.

సాఫ్ట్‌వేర్‌కు పెట్టదలచిన డబ్బు మీ దగ్గర ఉంటే, దాన్ని రెండుగా చేయండి. ఒక సగంతో మెత్తటి దెబ్బ బాగా పలికే ఒక్క కిట్ కొనండి. రెండో సగం, మీ ఊళ్లో డప్పో, డోలకో, ప్యాడో వాయించే మనిషికి ఇవ్వండి. అడ్వాన్సుగా కాదు, స్నేహం కొద్దీ కాదు, పని అయిన వెంటనే, పూర్తి పారితోషికంగా ఇవ్వండి. పాట విడుదల చేసినప్పుడు గాయకుడి పేరు, రచయిత పేరు వేసిన చోటే ఆ వాద్యకారుడి పేరు కూడా వేయండి.